జీవకణమును దాని పొరయు

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు మేము తొమ్మిదవ తరగతిలో జీవకణమును గూర్చి పాఠము చెప్పుచుండగా, ఉద్దానపు గ్రామమునుండి వచ్చు బాలుడొకడు లేచి యిట్లడిగెను: “మాస్టారుగారూ, మా తోటలో కొబ్బరిచెట్లు చాల కలవు. ఊరిలో ఎవరికి జ్వరము వచ్చినను మా యింటికి వచ్చి బొండాము పట్టుకొని పోవుదురు. మా అయ్యకు మాత్రము డాక్టరుగారు ఒక గుక్కయైనను త్రాగవలదనిరి. అందరికి మేలుచేయు నీరు మా అయ్యకేల కీడుచేయును?”

తరగతి యంతయు నిశ్శబ్దమయ్యెను. ఆ బాలుని తండ్రి వారమునకు మూడు దినములు డయాలిసిస్‌నకు పోవుచున్న సంగతి తోటి బాలు రెఱుగుదురు. మేము రెండు మాటలు చెప్పులోపల గంట కొట్టిరి. ఆ రెండు మాటలు చాలవని మాకే తోచెను. ఏలయనగా ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలెనన్న, జీవకణము ఎట్లు పెరుగును, ఎట్లు రెండగును, తన పొరగుండ దేనిని రానిచ్చును, దేనిని పోనిచ్చును అను సంగతులన్నియు వరుసగా తెలియవలెను. కావున ఆ బాలునికిని, వానివంటి యితర విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఉపయోగపడునట్లు ఆ పాఠము నిచ్చట సంపూర్తి చేయుచున్నాము.

1. కణమనగా నేమి?

ఇటుకలతో ఇల్లు కట్టబడినట్లు ప్రాణిదేహము కణములతో కట్టబడినది. కాని యిటుక ప్రాణము లేనిది, కణము ప్రాణముగలది. అది ఆహారమును గొనును, శ్వాసించును, మలినమును వెడలించును, పెరుగును, రెండగును. 1665వ సంవత్సరమున ఇంగ్లండులో రాబర్టు హుక్ అను శాస్త్రజ్ఞుడు బెండుచెక్కను పలుచగా కోసి సూక్ష్మదర్శినిలో చూచి, తేనెపట్టువంటి చిన్న చిన్న గదులను కనుగొని, వానికి ‘సెల్’ అని పేరుపెట్టెను. ఆయన చూచినవి ప్రాణము పోయిన ఖాళీ గదులు మాత్రమే. వృక్షములన్నియు కణమయములని 1838లో ష్లైడెనును, జంతువులును అట్టివేయని 1839లో ష్వానును తెలిపిరి. ప్రతి కణమును మరియొక కణమునుండియే పుట్టునని 1855లో విర్చో అను జర్మను వైద్యుడు ప్రకటించెను.

ఉల్లిపాయ పొరలలోపలి పలుచని పొట్టును గాజుపలకపై పరచి, నీటిచుక్క వేసి, మన ప్రయోగశాలలోని సూక్ష్మదర్శినిలో చూడుడు. పేర్చిన యిటుకలవలె కణములు కనబడును. ఒక్కొక్కదానిలో గుండ్రని చుక్క యొకటి యుండును. అదియే కేంద్రకము. ఎదిగిన మనుష్యుని దేహములో ఇట్టి కణములు ముప్పది లక్షల కోట్లకు పైగా గలవని శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి.

2. పొర చేయు పని

ప్రతి కణమును చుట్టి యొక పొర గలదు. దాని మందము మిల్లీమీటరులో లక్షవ వంతుకంటెను తక్కువ. క్రొవ్వుజాతి అణువులు రెండు వరుసలుగా నిలిచి యీ పొరయైనవి. వానిమధ్య అచ్చటచ్చట మాంసకృత్తులు ద్వారములవలె అమరియుండును. ఇంటికి గోడ యెంత అవసరమో, గోడకు వాకిలియు అంత అవసరము. అన్నిటిని ఆపు పొరగల కణము ఆకలిచే చచ్చును. అన్నిటిని రానిచ్చు పొరగల కణము తనలోని సారమును పోగొట్టుకొని చచ్చును. కావున ఏది రావలెను, ఏది పోవలెను అని విడదీయుటయే పొర చేయు పని. ఈ రాకపోకలు ముఖ్యముగా మూడు విధములు.

మొదటిది వ్యాపనము. ఒక మూల వెలిగించిన అగరువత్తి వాసన గదియంతయు నిండును గదా! ఏ పదార్థమైనను హెచ్చుగా నున్న చోటినుండి తక్కువగా నున్న చోటికి తనంతట తాను ప్రాకును. మనము పీల్చిన ప్రాణవాయువు ఊపిరితిత్తులనుండి రక్తములోనికి పోవుట యిట్లే.

రెండవది ద్రవాభిసరణము. నీటిని పోనిచ్చి, ఉప్పును ఆపు పొర యొకటి రెండు ద్రవముల మధ్య నుండెనేని, నీరు పలుచని ద్రవమునుండి చిక్కని ద్రవమువైపు పోవును. 1748లో ఫ్రాన్సు దేశపు నొల్లే అను మతగురువు పంది మూత్రాశయపు పొరతో దీనిని మొదట గమనించెను. మన ప్రాంతమువారికి ఆ పరికరములతో పనిలేదు. నౌపడ ఉప్పుమళ్లలో పండిన గల్లుప్పు, భావనపాడు తీరమున పట్టిన చేప, ఈ రెండును చాలును. చేపను చీల్చి ఉప్పు పట్టించినప్పుడు దానిలోని నీరు కణముల పొరలను దాటి వెలుపలికి ఊరును. చేపను కుళ్లజేయు సూక్ష్మజీవుల దేహములలోని నీరును అట్లే పోవును గనుక అవి వృద్ధిపొందజాలవు. ఆవకాయ నిలువయుండుటకు ఉప్పు తోడ్పడుటయు నిట్లే. తుపానునాడు సముద్రపునీరు పొలములో నిలిచిన తరువాత, నీటిలో నిలిచియుండియు వరిపైరు దాహముతో ఎండిపోవుటకు కారణమును ఇదియే.

దీనిని ఇంటివద్ద ఎవరైనను పరీక్షింపవచ్చును. కోడిగ్రుడ్డును ఒకటి రెండు దినములు వినిగరులో నుంచిన, పెంకు కరగి మెత్తని పొరమాత్రము మిగులును. ఆ గ్రుడ్డును మంచినీటిలో నుంచిన ఉబ్బును. చిక్కని ఉప్పునీటిలో నుంచిన ముడుచుకొనును. మన రక్తములో లీటరునకు సుమారు 9 గ్రాములు ఉప్పుండునట్టి ద్రవమునకు సమానమైన చిక్కదనము గలదు. సముద్రపునీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములు గలవు. పడవలో మంచినీరు అయిపోయినను మత్స్యకారులు సముద్రపునీరు త్రాగకుండుటకు హేతువు దీనివలన తెలియగలదు.

మూడవది శ్రమతోకూడిన రవాణా. పైరెండింటిలో పదార్థములు పల్లమునకు పారు నీటివంటివి. కాని పల్లమునుండి మెరకకు నీరు తోడవలెనన్న ఏతమో, పంపో కావలెను. కణపు పొరలోను అట్టి పంపులు గలవు. వానిలో ప్రధానమైనదానిని డెన్మార్కు శాస్త్రజ్ఞుడు జెన్స్ స్కూ 1957లో కనిపెట్టి, అందులకు 1997లో నోబెల్ బహుమతి నందెను. ఈ పంపు ఒక్కొక్క పర్యాయము మూడు సోడియము అయానులను వెలుపలికి త్రోసి, రెండు పొటాషియము అయానులను లోపలికి తెచ్చును. అందుచే సోడియము కణములకు వెలుపల పదిరెట్లు హెచ్చుగాను, పొటాషియము కణములలోపల ముప్పదిరెట్లు హెచ్చుగాను ఉండును. ఈ భేదము వలననే నరములు వార్తలు మోయుచున్నవి, గుండె కొట్టుకొనుచున్నది. ఈ సంగతిని చక్కగా జ్ఞాపకముంచుకొనుడు. బాలుని ప్రశ్నకు జవాబు దీనియందే దాగియున్నది.

పంపునకు చమురు కావలెను గదా! కణములోని పంపులకు శక్తినిచ్చు పదార్థమునకు ఏ.టీ.పీ. అని పేరు. దానిని 1929లో జర్మనీలో లోమనును, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావుగారలును కనుగొనిరి. ఈ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిన తెలుగువారు. మనము విశ్రాంతిగా పరుండియున్నప్పుడు సైతము దేహము వెచ్చించు శక్తిలో సుమారు ఐదవవంతు ఈ సోడియము పంపులకే సరిపోవును.

3. కణము పెరుగుట, రెండగుట

కణము పెద్దదగుచు పోయి గుమ్మడికాయయంత కారాదా? ఏల రెండుగా చీలవలెను? ఒక చిన్న లెక్క చేయుడు. ప్రక్కకు ఒక అంగుళముగల ఘనమునకు ఉపరితలము 6 చదరపు అంగుళములు, లోపలి పరిమాణము 1 ఘనాంగుళము. ప్రక్కను మూడంగుళములు చేసిన, ఉపరితలము 54, పరిమాణము 27. అనగా లోపల తినువారు ఇరువదియేడు రెట్లు పెరుగగా, వాకిళ్లు తొమ్మిదిరెట్లే పెరిగినవి. మొదట ఒక్కొక్క ఘనాంగుళమునకు ఆరు చదరపు అంగుళముల పొర యుండగా, ఇప్పుడు రెండే మిగిలినవి. ఆహారము చాలదు, మలినము పోదు. కావున కణము ఒక మేరవరకు పెరిగి, తరువాత రెండగును. పొరకును లోపలి పదార్థమునకును పొత్తు తిరిగి కుదురును.

ఈ విభజనమును 1882లో ఫ్లెమింగు అను శాస్త్రజ్ఞుడు విపులముగా వర్ణించెను. కేంద్రకములో క్రోమోజోములను దారములవంటివి గలవు. ఉల్లికి 16, కొబ్బరికి 32, మనుష్యునికి 46. విభజనమునకు ముందు ప్రతి క్రోమోజోము తనకు ప్రతి నొకదానిని సిద్ధపరచుకొనును. అన్నదమ్ములు పంచుకొనునప్పుడు దస్తావేజులకు నకళ్లు తీసి చెరియొకటి ఉంచుకొనినట్లు, ఆ జంటలు విడిపోయి చెరియొక వైపునకు చేరును. పిమ్మట కణము రెండగును. మొలకెత్తుచున్న ఉల్లివేరు కొనలో ఈ చిత్రమంతయు చూడవచ్చును.

కొబ్బరికాయలో మరియొక వింత గలదు. లేతకాయలో కేంద్రకములు విభజింపబడుచుండును గాని వానిమధ్య గోడలు లేవవు. అనేక కేంద్రకములు ఒకే నీటిలో తేలుచుండును. మనము త్రాగు బొండాపునీరు అట్టిది. కాయ ముదిరినకొలది అంచునుండి గోడలు లేచి కణములేర్పడి, మీగడవంటి పలుచని పొర, పిమ్మట గట్టి కొబ్బరి యగును. ఈ నీటిలో విభజనమును ప్రేరేపించు పదార్థములు గలవు. 1941లో వాన్ ఓవర్‌బీక్ అను శాస్త్రజ్ఞుడును ఆయన తోడివారును ఉమ్మెత్త లేతపిండములను కొబ్బరినీటితో పోషించి, ప్రయోగశాలలో పెంచిరి.

విభజించు శక్తి దేహమంతట సమానముగా నుండదు. కొబ్బరిచెట్టుకు పైకి పెరుగు మొగ్గ తలయం దొక్కటియే. కొమ్ముపురుగు ఆ మొవ్వును తొలిచి చంపినను, గాలి తల విరిచినను, ఎంత యెత్తు మ్రానైనను మరల చిగుర్చదు. జీడిమామిడికట్లు కాదు, వేరు నిలిచియున్నయెడల, విరిగిన కొమ్మక్రింద నిద్రించుచున్న మొగ్గలు మేల్కొని చిగుర్చును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినప్పుడు ఈ భేదమును ఉద్దానమంతయు కన్నులార చూచినది. తల తెగిన కొబ్బరి స్తంభములు వరుసలుగా నిలిచియుండెను. తోటకు బదులు తోట వేయవలసినదే గాని ఆ మ్రాకులకు చికిత్స లేదు.

విభజనము చాలకున్నను, మితిమీరినను ముప్పే. ఫోలికామ్లము తక్కువైన రక్తకణములు సరిగా వృద్ధికావు. ఆ యామ్లమును 1945 ప్రాంతమున కృత్రిమముగా తయారుచేసిన బృందమునకు నాయకులు మన సుబ్బారావుగారే. అదుపుతప్పి విభజించు కణముల వ్యాధియే కాన్సరు. ఫోలికామ్లపు పనిని అడ్డగించు ఔషధమును వారి బృందము సిద్ధపరుపగా, బోస్టనులో సిడ్నీ ఫార్బరుగారు రక్తకాన్సరుతో బాధపడు పిల్లలకిచ్చి, కొంతకాలమైనను ఉపశమనము కలుగుట చూపి 1948లో ప్రకటించిరి. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి.

4. మూత్రపిండము

ఇప్పుడు పొరయు, పంపును, విభజనమును ఒక్కచోట చేరు అవయవమునకు వత్తము. మన నడుముపైభాగమున వెన్నెముకకు ఇరువైపుల రెండు మూత్రపిండములు గలవు. ఒక్కొక్కదానిలో సుమారు పదిలక్షల సూక్ష్మమైన వడపోత యంత్రములుండును. వానికి నెఫ్రానులని పేరు. ప్రతి నెఫ్రానుకు మొదట రక్తనాళికల చిన్న ముద్ద యొకటి, దానివెనుక పొడవైన గొట్టమొకటి యుండును. ముద్దలోని పొర రక్తకణములను, పెద్ద మాంసకృత్తులను ఆపి, నీటిని, లవణములను, చక్కెరను, మలినములను వడకట్టును. రెండు మూత్రపిండములు కలసి దినమునకు సుమారు 180 లీటర్లు వడకట్టును. కాని మనము విసర్జించునది లీటరున్నర లేక రెండు లీటర్లు. మిగిలినదంతయు ఏమైనది?

ఇల్లు శుభ్రముచేయు తల్లి మొదట సామానంతయు బయటపెట్టి, పిమ్మట కావలసినవానిని మాత్రము ఏరి లోపలికి తెచ్చుకొనునట్లు, గొట్టపు కణములు చక్కెరను, ఉప్పును, నీటిని తమ పొరలగుండ రక్తములోనికి మరల చేర్చును. హెచ్చైన పొటాషియమును మూత్రములోనికి త్రోసివేయును. ఇందులకు వానికి లెక్కలేనన్ని పంపులు గలవు, మిక్కుటమైన శక్తియు కావలెను. ఇంత కష్టించు కణములు గనుక నీటికరవునకును, విషపదార్థములకును త్వరగా లోబడును. గొట్టపు కణములు కొంతవరకు విభజించి గాయమును మాన్పుకొనగలవు. కాని పూర్తిగా నశించిన నెఫ్రానుకు బదులు క్రొత్తది పుట్టదు. తల్లికడుపులో ఏర్పడినన్నియే మనకు జీవితాంతమువరకు. ఈ విషయమున మూత్రపిండము జీడిమామిడివంటిది కాదు, కొబ్బరిమొవ్వు వంటిది.

5. ఉద్దానపు వ్యాధియు, కృత్రిమపు పొరయు

ఉద్యానవనమను మాటనుండి ఉద్దానమను పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో దశాబ్దములుగా మూత్రపిండవ్యాధి ప్రబలియున్న సంగతి మనము చెప్పవలసిన పనిలేదు. మధుమేహము లేనివారికిని, కాయకష్టము చేయు రైతుకూలీలకును ఇది వచ్చుచున్నది. వడకట్టు ముద్దలకంటె ముందుగా గొట్టములును వాని చుట్టునున్న కణజాలమును చెడుట దీని లక్షణము. శ్రీలంక ఉత్తరమధ్య ప్రాంతమునను, నికరాగువా, ఎల్ సాల్వడోరు చెరకుతోటలలోను ఇట్టి వ్యాధియే గలదు. ఎండలో నీరులేక చేయు పని, నేలనీటిలోని పదార్థములు, పురుగుమందులు, నొప్పిమాత్రలు, వంశలక్షణములు మున్నగువాని నన్నిటిని పరిశోధకులు పరీక్షించుచున్నారు. ఇదియే కారణమని ఒక్కదానిని ఇంకను నిశ్చయింపలేదు. హీరమండలము జలాశయమునుండి ఉద్దానమునకు మంచినీరు తెచ్చు పథకమును, పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనాకేంద్రమును, ఆసుపత్రియు 2023వ సంవత్సరము డిసెంబరులో ప్రారంభింపబడినవి.

ఈ వ్యాధి చప్పుడుచేయక వచ్చును. కొన్ని నెఫ్రానులు నశించినప్పుడు మిగిలినవి వాని పనియు నెత్తికెత్తుకొనును. సగమునకు పైగా పోవువరకు రోగికి బాధ తెలియకపోవచ్చును. తెలియునప్పటికి ఆలస్యమగును. అప్పుడు శరణ్యమైనది మూత్రపిండమార్పిడి, లేదా డయాలిసిస్.

డయాలిసిస్ అను పేరు 1861లో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు థామస్ గ్రాహాము పెట్టినది. దానిని మనుష్యుని ప్రాణరక్షణకు వినియోగించినవాడు హాలండు వైద్యుడు విల్లెం కోల్ఫ్. రెండవ ప్రపంచయుద్ధకాలమున, 1943లో, సెల్లోఫేను గొట్టమును కఱ్ఱపట్టీల పీపాకు చుట్టి, లవణజలములో త్రిప్పుచు, రోగి రక్తమును దానిగుండ పారించెను. మొదటి రోగులు అనేకులు బ్రతుకలేదు. అయినను ఆయన విడువలేదు. 1945లో అరువదియేడేండ్ల స్త్రీ యొకతె ఆ యంత్రమువలన బ్రతికినది.

నేటి యంత్రములోను సూత్రమదియే. సన్నని బోలు గొట్టములలో రక్తము పారును. వాని వెలుపల శుద్ధజలముతో చేసిన ద్రవము పారును. ఆ ద్రవములో ఉప్పు రక్తములోనున్నంతయే యుండునట్లు అమర్తురు. కావున అది అంతగా కదలదు. యూరియా మొదలగు మలినములు అందులో లేవు, పొటాషియము తక్కువ; కావున అవి రక్తమునుండి వ్యాపనముచే వెడలిపోవును. అగరువత్తి వాసన ప్రాకిన న్యాయమే యిచ్చట ప్రాణము నిలుపుచున్నది.

కాని కృత్రిమపు పొరకు జల్లెడబుద్ధి తప్ప మరియొకటి లేదు. దానికి పంపులు లేవు. అది ఆకలిదప్పుల ననుసరించి మారదు. వారమునకు మూడు పర్యాయములు, నాలుగేసి గంటలు పనిచేసిన మొత్తము పండ్రెండు గంటలు. వారమునకు నూటయరువదియెనిమిది గంటలు. నిజమైన మూత్రపిండము అన్ని గంటలును పనిచేయును. మిగిలిన నూటయేబదియారు గంటలు రోగి తన నోటిని తానే కాపాడుకొనవలెను.

ఇప్పుడు ఆ బాలుని ప్రశ్నకు వత్తము. కొబ్బరినీటిలో సోడియముకంటె పొటాషియము చాల హెచ్చు. ఆరోగ్యవంతుడు త్రాగినప్పుడు హెచ్చైన పొటాషియమును మూత్రపిండము కొలదిగంటలలో వెడలించును. ఆ వాకిలి మూసుకొనిపోయినవానికి అది రక్తములో నిలిచిపోవును. కణములకు లోపల ముప్పదిరెట్లు, వెలుపల ఒకవంతు అను భేదము తగ్గును. ఆ భేదముమీద కొట్టుకొను గుండె లయతప్పును, ఒక్కొక్కప్పుడు ఆగిపోవును. కావున, నాయనా, మీ కొబ్బరినీటిలో దోషము లేదు. మీ అయ్య చేసిన తప్పును లేదు. నీరదియే, దానిని తూచి పంపు వాకిలి చెడినది. డాక్టరుగారి మాట నిషేధముగా గాక, కావలిగా ఎంచుకొనుడు.

తలిదండ్రులకు మా మనవి. ఈ వ్యాధి అంటువ్యాధి కాదు. రోగియొద్ద కూర్చుండుటవలనను, కలసి భుజించుటవలనను రాదు. కావున రోగిని దూరముంచుటయు, ఆ యింటి పిల్లలతో సంబంధములకు వెనుకాడుటయు అజ్ఞానము. పోయిన నెఫ్రాను తిరిగి రాదు గనుక ఉన్నవానిని కాచుకొనుటయే వివేకము. ఏ బాధయు లేకున్నను ఏటేట రక్తములో క్రియాటినిను పరీక్ష చేయించుకొనుడు. ఒళ్లునొప్పులకు దుకాణమున అడిగి తెచ్చుకొను మాత్రలను వైద్యుని యడుగక మ్రింగవలదు. తోటపనికి పోవునప్పుడు సురక్షితమైన నీరు వెంట తీసికొనిపోయి, నడియెండలో నీడను చేరి, దాహముకొరకు వేచియుండక త్రాగుడు. వ్యాధి ఇదివరకే యున్నవారు మాత్రము నీటి కొలతను వైద్యుని చెప్పినట్లే పాటింపవలెను.

విద్యార్థులారా, పలాస ఆసుపత్రిలో యంత్రమువద్ద నిలుచు నర్సులును, రక్తమును పరీక్షించు సాంకేతికులును, ఈ వ్యాధికి మూలము వెదకు పరిశోధకులును ఒకప్పుడు మీవలె ఉల్లిపొట్టును సూక్ష్మదర్శినిలో చూచినవారే. కాబట్టి పాఠమును పరీక్షకొరకే చదువక, ఇంటికి తీసికొనిపొండు. ఆ ప్రశ్న నడిగిన బాలుడు ఇప్పుడు పదవ తరగతిలో నున్నాడు. అయ్య త్రాగు నీటిని గిన్నెతో కొలిచి, ప్రతి దినము నోటుపుస్తకములో వ్రాయు పని వాడే చూచుకొనుచున్నాడని మొన్న మాతో చెప్పెను.